యానాం, షోలాపూర్: ఒకే అక్షాంశం దగ్గర రెండు తెలుగు ఊళ్ల ఎండ, వాన, నీరు

తెలుగు రాష్ట్రాల హద్దులకు బయట తరతరాలుగా తెలుగు మాట్లాడుతున్న ఊళ్ల జాబితా రాస్తే అందులో యానాం, షోలాపూర్ తప్పకుండా ఉంటాయి. యానాం గోదావరి చివర, బంగాళాఖాతానికి దగ్గరలో ఉన్న పుదుచ్చేరి భాగం. షోలాపూర్ దక్కన్ పీఠభూమి నడుమ ఉన్న మహారాష్ట్ర జిల్లా కేంద్రం. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు మగ్గాన్ని నమ్ముకుని అక్కడ స్థిరపడ్డాయి. ఈ రెండు ఊళ్ల మధ్య సూటిగా కొలిస్తే 670 నుండి 680 కిలోమీటర్ల దూరం ఉంటుంది.

మా పాఠకుల్లో రెండు ఊళ్లవారూ ఉన్నారు. ఇద్దరికీ ఒకే ఇబ్బంది. తెలుగు టీవీలో వాతావరణ వార్తలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల గురించి చెప్పి ముగిస్తారు. షోలాపూర్ పేరు వాటిలో రాదు. యానాం పేరు వచ్చినా ఆంధ్ర తీరం చివర ఒక మాటగా వస్తుంది. అందుకే ఈ రెండు చోట్ల నేల, ఎండ, వాన, నీటి పరిస్థితిని పక్కపక్కన పెట్టి చూపాలనుకున్నాం. వివరాలన్నీ చూశాక తేలేది ఒక్కటే: ఈ రెండు ఊళ్లలోనూ మేలుకైనా కీడుకైనా ఊరి మీద పడే వాన కన్నా దూరాన ఎక్కడో పడే వాన ముఖ్యం. ఆ దూరం ఏమిటో తెలిసినవారికి ముందు జాగ్రత్త సులువవుతుంది.

పటం మీద ఎక్కడ?

యానాం 16.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 82.2 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. షోలాపూర్ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 75.9 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఉత్తర దక్షిణాలుగా తేడా ఒక్క డిగ్రీ మాత్రమే. అంటే రెండు ఊళ్ల మీదా సూర్యుడు దాదాపు ఒకే ఎత్తున నడుస్తాడు. పగటి పొడవు ఇంచుమించు సమానం. మే నెల మొదటి పదిపన్నెండు రోజుల్లో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి రెండు ఊళ్లలోనూ మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీదికి వస్తాడు.

తూర్పు పడమరలుగా మాత్రం ఆరు డిగ్రీలకు పైగా తేడా ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్క వేస్తే యానాంలో పొద్దు పొడిచిన సుమారు 25 నిమిషాలకు షోలాపూర్‌లో పొడుస్తుంది. మే చివర్లో యానాంలో ఉదయం ఐదున్నర లోపే సూర్యుడు కనిపిస్తే షోలాపూర్‌లో ఆరు కావస్తుంది. రాహుకాలం, వర్జ్యం చూసుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. రాహుకాలం సూర్యోదయం, పగటి పొడవుల మీద ఆధారపడుతుంది కాబట్టి గోదావరి జిల్లాల కోసం లెక్కగట్టిన పంచాంగాన్ని షోలాపూర్‌లో ఉన్నదున్నట్టు వాడితే సమయాలు తప్పుతాయి.

పరిమాణంలో ఈ రెండింటికీ పోలిక లేదు. యానాం విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు, 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 55,626 మంది ఉన్నారు. షోలాపూర్ నగర జనాభా అదే లెక్కల్లో తొమ్మిదిన్నర లక్షలు. జిల్లా విస్తీర్ణం దాదాపు 14,900 చదరపు కిలోమీటర్లు, అంటే యానాం లాంటివి ఐదు వందలు పడతాయి. అందుకే ఈ వ్యాసంలో షోలాపూర్ అన్నప్పుడు నగరం, దాని చుట్టుపక్కల ప్రాంతం అని అనుకోవాలి. యానాం అన్నప్పుడు ఊరితో పాటు దాన్ని చుట్టుకుని ఉన్న గౌతమీ తీరాన్ని కూడా కలుపుకోవాలి.

ఎత్తు, నేల

యానాం సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో మాత్రమే ఉంది. గోదావరి పాయ అయిన గౌతమి ఊరి పక్కనే పారుతుంది, కోరంగి పాయ ఇక్కడే దాని నుండి విడిపోతుంది. సముద్రం పది కిలోమీటర్ల లోపే. ఆటుపోట్లు నదిలో తెలుస్తాయి. నేల అంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఎక్కడ తవ్వినా రాయి తగలదు, నీరు తగులుతుంది. లోతుకు పోయేకొద్దీ ఆ నీరు ఉప్పన కావడం డెల్టా చివరి ఊళ్లన్నిటికీ ఉన్న బాధే.

షోలాపూర్ 450 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. అడుగున ఉన్నది అగ్నిపర్వతాల లావా గడ్డకట్టి ఏర్పడిన నల్లరాయి. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పరచుకున్న ఆ లావా పొరలే దక్కన్ పీఠభూమికి పునాది. ఆ రాయి చితికి మట్టి అయితే నల్లరేగడి అవుతుంది. రేగడి వాన నీటిని స్పాంజిలా పట్టి నెలల తరబడి దాచుకుంటుంది. కింద ఉన్న రాయి మాత్రం నీటిని అంతగా దాచుకోదు. పగుళ్లలో, చితికిన పొరల్లో ఉన్నంతే దొరుకుతుంది. ఒక బోరులో నీరు పడి, పక్క చేనులో వేసిన బోరు ఎండిపోవడానికి కారణం ఇదే.

క్లుప్తంగా చెప్పాలంటే యానాంలో అడుగున నీరుంది కానీ ఉప్పు భయం ఉంది. షోలాపూర్‌లో పైమట్టి తడిని దాచుకుంటుంది కానీ అడుగున రాయి ఉంది.

ఎండ, చలి, ఉక్కపోత

ఏప్రిల్, మే నెలల్లో షోలాపూర్‌లో 40 డిగ్రీలు దాటడం మామూలు విషయం. అయితే గాలి పొడిగా ఉంటుంది. మధ్యాహ్నం గాలిలో తేమ 20, 25 శాతానికి పడిపోతుంది. నీడలోకి వెళితే ఉపశమనం తెలుస్తుంది, చెమట వెంటనే ఆరుతుంది, కుండలో నీళ్లు చల్లబడతాయి. పొద్దు గుంకాక నేల త్వరగా చల్లారుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపుకు దిగుతుంది, కొన్ని రోజుల్లో ఇంకా తగ్గుతుంది. షోలాపూర్ చద్దరు పేరు తెచ్చుకున్నది ఈ నేల మీదే.

యానాంలో మే నెల సగటు పగటి ఉష్ణోగ్రత 37, 38 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంకె చూస్తే షోలాపూర్ కన్నా తక్కువ. కానీ తేమ వల్ల చెమట ఆరదు, కుండ నీరు అంతగా చల్లబడదు, రాత్రి కూడా ఉక్కపోత తగ్గదు. మధ్యాహ్నం సముద్రం వైపు నుండి గాలి తిరిగితే హాయిగా ఉంటుంది. పడమటి వేడిగాలి గట్టిగా వీచి సముద్రపు గాలిని ఊళ్లోకి రానివ్వని రోజుల్లో మాత్రం ఇక్కడా 44, 45 డిగ్రీలు చూడవలసి వస్తుంది. చలికాలం రాత్రులు 19, 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత రెండు ఊళ్లలోనూ చెల్లుతుంది. తేడా ఏమిటంటే షోలాపూర్ ఎండలో శరీరంలోని నీరు తెలియకుండా ఇగిరిపోతుంది. చెమట కనిపించదు కాబట్టి దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండాలి. యానాం ఎండలో చెమట కారుతూనే ఉంటుంది, ఒళ్లు చల్లబడదు. అక్కడ బరువు పని పొద్దున్నే ముగించుకోవడం మేలు. ఒక ఊరి నుండి మరో ఊరికి పెద్దవాళ్లను, పసిపిల్లలను వేసవిలో తీసుకువెళ్లేవారు ఉష్ణోగ్రత అంకె ఒక్కటే చూసి నిర్ణయించుకోకూడదు.

వాన ఎక్కడి నుండి వస్తుంది?

యానాం ప్రాంతంలో ఏడాదికి సుమారు 1,100 నుండి 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. షోలాపూర్ జిల్లాలో చోటును బట్టి 500 నుండి 750 మిల్లీమీటర్ల మధ్య పడుతుంది. రమారమి సగం.

షోలాపూర్‌లో వాన తక్కువ కావడానికి కారణం సహ్యాద్రి కొండలు. జూన్‌లో అరేబియా సముద్రం నుండి వచ్చే తేమగాలి ఆ కొండలెక్కుతూ చల్లబడి పడమటి వాలులోనే కుమ్మరిస్తుంది. కొండ మీది మహాబలేశ్వరంలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లు దాటుతుంది. అదే గాలి తూర్పు వైపు దిగేటప్పుడు వేడెక్కి ఎండిపోతుంది. కొండల నీడలో పడిన ఈ ప్రాంతాన్ని వర్షచ్ఛాయ ప్రాంతం అంటారు. మహాబలేశ్వరానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా తూర్పున ఉన్న షోలాపూర్‌కు అక్కడి వానలో పదో వంతు కాస్త దాటుతుంది.

యానాంకు జూన్, జులైలలో వీచే నైరుతి గాలి కూడా నేల మీదుగా వచ్చేదే. తీరాన ఉన్నా ఆ గాలి ఒక్కటే పెద్ద వాన తేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడితే వాన బలపడుతుంది. తర్వాత అక్టోబరులో నైరుతి వెనుదిరిగి ఈశాన్యపు గాలి మొదలయ్యే వేళ యానాంలో వానలు జోరందుకుంటాయి. అక్టోబరు నుండి డిసెంబరు దాకా తుపానుల భయం కూడా అప్పుడే.

షోలాపూర్‌లో ఎక్కువ వాన పడే నెల సెప్టెంబరు. జూన్‌లో మొదటి జల్లులు పడ్డాక జులై, ఆగస్టులలో మబ్బు పట్టి గాలి వీచి వాన లేని రోజులు వారాల తరబడి సాగుతాయి. సెప్టెంబరులో సాయంత్రపు ఉరుముల వానలు, వాటితో పాటు బంగాళాఖాతం నుండి పడమరగా నడిచి వచ్చే అల్పపీడనాలు రైతును ఆదుకుంటాయి.

ఇక్కడే రెండు ఊళ్లు కలుస్తాయి. పడమటి సముద్రం షోలాపూర్‌కు దగ్గర, కానీ కొండలు అడ్డం. తూర్పు సముద్రం దూరం, కానీ దారిలో అంత ఎత్తైన గోడ లేదు. అందువల్ల యానాం పక్కన పుట్టిన అల్పపీడనం తెలంగాణ దాటి షోలాపూర్ దాకా నడిచి వెళ్లగలదు.

2020 అక్టోబరు: ఒకే వాయుగుండం, రెండు ఊళ్లు

దీనికి అందరికీ గుర్తున్న ఉదాహరణ 2020 అక్టోబరు వాయుగుండం. బంగాళాఖాతంలో ఏర్పడిన తీవ్ర వాయుగుండం అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటింది. కాకినాడకు యానాం ముప్పై కిలోమీటర్ల లోపు దూరం. ఆ పగలు, ఆ రాత్రి అది తెలంగాణ మీదుగా సాగింది, హైదరాబాద్ నగరం నీట మునిగింది. 14వ తేదీకి షోలాపూర్, పంఢర్‌పూర్ ప్రాంతాల్లో కుండపోత వాన. పంఢర్‌పూర్‌లో నది ఒడ్డున గోడ కూలి ఆరుగురు చనిపోయారు. భీమా నది పొంగి షోలాపూర్ జిల్లాలోనూ, దిగువన కర్ణాటకలోని కలబురగి జిల్లాలోనూ ఊళ్లను ముంచింది. చేతికి రావలసిన పంటలు పొలాల్లోనే కుళ్లాయి.

తీరం దాటిన చోటుకూ షోలాపూర్‌కూ మధ్య దాదాపు ఒక రోజు వ్యవధి దొరికింది. వానకు తక్కువ అలవాటు పడిన ఊరికి ఆ ఒక రోజు చాలా విలువైనది. మబ్బు కోసం పడమరకు చూసే షోలాపూర్‌వాసి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తూర్పు తీరం వార్తను కూడా పట్టించుకోవాలి. కాకినాడ, యానాం, విశాఖ పేర్లు వినబడితే అది తనకు సంబంధం లేని వార్త అనుకోకూడదు. ప్రతి అల్పపీడనం అంత దూరం రాదు. కొన్ని ఒడిశా మీదుగా వాయవ్యానికి వెళతాయి, కొన్ని తీరం దాటగానే బలహీనపడతాయి. వచ్చినవి మాత్రం చాలాసార్లు షోలాపూర్‌కు వరమే, కొన్నిసార్లు విపత్తు.

నీరు: గోదావరి చివర, భీమా నడుమ

గోదావరి మహారాష్ట్రలోని త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. దాని పరీవాహక ప్రాంతం మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది, అందులో దాదాపు సగం మహారాష్ట్రదే. షోలాపూర్ మాత్రం గోదావరి పరీవాహకంలోకి రాదు. అక్కడ పడిన నీరు సీనా, భీమా నదుల ద్వారా కృష్ణలో కలుస్తుంది.

యానాంను ముంచే వరదకు యానాంలో పడే వానతో పని లేదు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదులు మోసుకొచ్చే నీరే గోదావరి పెద్ద వరదలకు ముఖ్య కారణం. విదర్భలో, బస్తర్‌లో వానలు కురిస్తే ఎండ కాస్తున్న యానాంలోకి నీళ్లు రావచ్చు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. అక్కడి నుండి వరద ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర ఉంటాయి. యానాం దానికి యాభై అరవై కిలోమీటర్ల దిగువన ఉంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2022 జులైలో భద్రాచలం మళ్లీ 71 అడుగులు దాటింది, యానాం వీధుల్లో పడవలు తిరిగాయి. వరద వచ్చే సమయానికి సముద్రంలో పోటు ఉంటే నీరు దిగదు, ముంపు ఎక్కువసేపు నిలుస్తుంది.

వేసవిలో పరిస్థితి తారుమారవుతుంది. నదిలో మంచినీటి ప్రవాహం తగ్గి సముద్రపు ఉప్పునీరు పాయలోకి ఎగదన్నుతుంది. కళ్ల ముందు ఇంత పెద్ద నది ఉన్నా తాగడానికి ధవళేశ్వరం నుండి వచ్చే కాలువ నీటినే నమ్ముకోవాలి. మరమ్మతుల కోసం కాలువలు కట్టేసే రోజుల్లో చెరువుల్లో నిల్వ చేసుకున్న నీరే గతి.

షోలాపూర్‌కు ప్రాణాధారం భీమా మీది ఉజనీ జలాశయం. 1980లో పూర్తయింది. దీన్ని నింపేది ముఖ్యంగా పుణె జిల్లా పడమటి కొండల్లో పడే వాన. పైనున్న ఆనకట్టలు నిండి నీరు వదిలితే ఉజనీ నిండుతుంది. అంటే షోలాపూర్‌లో చినుకు పడకపోయినా ఉజనీ నిండవచ్చు, షోలాపూర్‌లో మంచి వాన పడినా ఉజనీ ఖాళీగా ఉండవచ్చు.

ఉజనీ మొత్తం సామర్థ్యం సుమారు 117 టీఎంసీలు. ఇందులో 63 టీఎంసీలకు పైగా తూముల మట్టానికి కింద ఉండే అడుగు నిల్వ. మామూలుగా వాడుకోగలిగింది 53 టీఎంసీల పైచిలుకు మాత్రమే. అందుకే షోలాపూర్ పేపర్లలో వేసవి వస్తే ఉజనీ మట్టం మైనస్ శాతాల్లో కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవారికి అది అర్థం కాదు. మైనస్ అంటే వాడుకునే వాటా అయిపోయి అడుగు నిల్వను తోడుకుంటున్నారని అర్థం. 2023లో వానలు తక్కువ కావడంతో 2024 వేసవిలో ఈ లెక్క మైనస్ 50 శాతాన్ని కూడా దాటి కిందికి దిగింది. నగరంలో చాలా పేటలకు కుళాయి నీరు రోజూ రాదు, రోజులు విడిచి వస్తుంది. ఇంట్లో ఎన్ని డ్రమ్ములు ఉన్నాయన్నది అక్కడ సంసారపు లెక్కల్లో ఒకటి.

రెండు ఊళ్ల నీటి లెక్కను ఒకే కొలతలో పెట్టి చూద్దాం. 1986 వరద పతాక స్థాయిలో ధవళేశ్వరం దగ్గర గంటకు పన్నెండున్నర టీఎంసీల నీరు దిగువకు పోయింది. ఆ వేగంతో ఉజనీ నిండా పట్టే 117 టీఎంసీలు తొమ్మిది గంటల చిల్లరలో సముద్రంలో కలిసిపోతాయి. షోలాపూర్ జిల్లా ఏడాది పొడవునా కాచుకునే నీరు అది.

కరువు, ఉప్పెన

ఒక ఊరి పెద్దలు ఏ సంవత్సరాలను గుర్తుపెట్టుకున్నారో చూస్తే ఆ ఊరి వాతావరణం తెలుస్తుంది. షోలాపూర్ జ్ఞాపకంలో కరువు సంవత్సరాలుంటాయి. 1876-78 నాటి మహాక్షామం దక్కన్‌ను పీడించింది. ఆ క్షామం నడుస్తుండగానే 1877లో నగరంలో మొదటి బట్టల మిల్లు మొదలైంది. 1972 కరువులో షోలాపూర్‌తో సహా మహారాష్ట్ర జిల్లాల్లో లక్షల మంది రాళ్లు కొట్టే పనులకు, చెరువు పనులకు వెళ్లారు. ఆ రాష్ట్రపు ఉపాధి హామీ పథకానికి మూలం అక్కడే ఉంది.

యానాం జ్ఞాపకంలో ఉప్పెనలు, తుపానులు ఉంటాయి. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన పక్కనే ఉన్న కోరంగి రేవును నాశనం చేసింది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను కోనసీమను, యానాంను అతలాకుతలం చేసింది. కొబ్బరిచెట్లు వేల సంఖ్యలో నేలకొరిగాయి. ఇళ్లు, పడవలు, మనుషులు పోయారు. కోరంగి మడ అడవులు ఈ తీరానికి ఉన్న సహజమైన అడ్డుగోడ. వాటి వేళ్లు అలల ఉధృతిని తగ్గిస్తాయి. వాటిని కాపాడుకోవడం యానాంకు అడవుల సంగతి మాత్రమే కాదు, ఇంటి గోడల సంగతి కూడా.

పంట, మగ్గం, ఇల్లు

యానాం చుట్టూ వరి, కొబ్బరి, ఇప్పుడు రొయ్యల, చేపల చెరువులు. సార్వా నాట్లు జులైలో పడతాయి, కోతలు నవంబరులో వస్తాయి. సరిగ్గా గింజ గట్టిపడే వేళకు తుపానుల కాలం. దాళ్వా పంటకు కాలువ నీరే ఆధారం.

షోలాపూర్ పేరు చెబితే గుర్తొచ్చే పంట రబీ జొన్న. సెప్టెంబరు వానకు రేగడి తడిసి, అక్టోబరు నడుమలోపు విత్తనం పడితే మళ్లీ పెద్దగా వాన లేకున్నా నేలలో దాచిన తడితో పైరు నిలబడుతుంది. పేరుపొందిన మాల్దండి రకం జొన్న ఈ జిల్లాలోని మోహోళ్ పరిశోధన కేంద్రం నుండి వచ్చినదే. దానిమ్మ కూడా ఈ పొడి నేలకు సరిపడే పంట. జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రం షోలాపూర్‌లోనే ఉంది. వీటి పక్కనే ఉజనీ నీటితో విస్తారంగా చెరకు సాగవుతోంది. వాన తక్కువ ఉన్న జిల్లాలో నీరు ఎక్కువ తాగే పంట కావడంతో తాగునీరా, చెరకా అన్న ప్రశ్న ప్రతి కరువులోనూ పైకి వస్తుంది.

మగ్గానికీ గాలిలోని తేమకూ సంబంధం ఉంది. నూలు దారానికి తేమ తగిలితే బలం పెరుగుతుంది, ఎండిపోతే పుటుక్కున తెగుతుంది. గుంట మగ్గంలో నేల చెమ్మ దారానికి అందుతుంది. పొడిగాలి వీచే షోలాపూర్‌లో మరమగ్గాల షెడ్డుల్లో మార్చి నుండి మే దాకా పడుగు తెగడం నేతగాడికి కూలి నష్టం. గంజి సరిగా పెట్టడం, షెడ్డులో తేమ నిలపడం అక్కడి పనిలో భాగం. రేకుల కప్పు కింద ఎండ వేడి, యంత్రాల వేడి కలిసి కార్మికుడి ఆరోగ్యానికి పరీక్ష అవుతాయి.

ఇళ్లూ ఈ తేడాను చెబుతాయి. షోలాపూర్ పాత ఇళ్లకు మందపాటి గోడలు, మట్టి పరిచిన చదునైన కప్పులు ఉండేవి. ఎండను ఆపడం వాటి పని. యానాం పాత ఇళ్లకు ఎత్తైన అరుగులు, ఏటవాలు పెంకు కప్పులు. వరద నీటిని, వాన నీటిని తప్పించుకోవడం వాటి పని.

ఒకే కార్తె, వేరు పని

కార్తెల లెక్క తెలుగు రైతుకూ మరాఠీ రైతుకూ ఉమ్మడి. జూన్ 8 ప్రాంతంలో వచ్చే మృగశిరను అక్కడ మృగ నక్షత్రం అంటారు. పేర్లు ఒకటే అయినా పనులు వేరు. మృగశిరలో యానాం చుట్టుపక్కల కాలువ నీరు కోసం, నారుమడి కోసం చూస్తారు. షోలాపూర్‌లో కంది వంటి ఖరీఫ్ విత్తనానికి తొలి వాన కోసం చూస్తారు. ఉత్తర, హస్త కార్తెలు షోలాపూర్‌లో జొన్న విత్తే అదును. చిత్త, స్వాతి కార్తెల్లో యానాం రైతు వాన వద్దనుకుంటాడు, ఎందుకంటే చేను పాలుపోసుకుని ఉంటుంది. ఆ రోజుల్లో పడే ఒక్క వాన షోలాపూర్ జొన్నకు బలం. ఒకే మబ్బును ఇక్కడ వద్దంటారు, అక్కడ రమ్మంటారు.

ఎవరు ఏ ప్రకటన చూడాలి?

భారత వాతావరణ శాఖ దేశాన్ని ఉపవిభాగాలుగా విడగొట్టి ప్రకటనలిస్తుంది. అవి రాష్ట్రాల పాలన ప్రకారం ఉండవు.

యానాంవాసులకు: పాలన పుదుచ్చేరిదే అయినా వాతావరణ ప్రకటనలో మీ ఊరు 'కోస్తాంధ్ర, యానాం' ఉపవిభాగంలో ఉంది. అమరావతి వాతావరణ కేంద్రం ఇచ్చేది చూడండి. 'తమిళనాడు, పుదుచ్చేరి, కారైకాల్' ప్రకటన ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న వేరే తీరానిది. జులై నుండి సెప్టెంబరు దాకా భద్రాచలం, ధవళేశ్వరం మట్టాలు చూడండి. అక్టోబరు నుండి డిసెంబరు దాకా తుపాను ప్రకటనలు, పోటు సమయాలు చూడండి.

షోలాపూర్‌వాసులకు: మీ జిల్లా 'మధ్య మహారాష్ట్ర' ఉపవిభాగంలో ఉంది. పక్కనే ఉన్న ధారాశివ్ 'మరాఠ్వాడా'లోకి వస్తుంది. మీ దగ్గర మబ్బు పట్టకపోయినా జులై, ఆగస్టులలో పుణె కొండల వాన, ఉజనీలోకి వచ్చే నీరు చూడండి. వేసవి కుళాయి సంగతి అప్పుడే తేలిపోతుంది. సెప్టెంబరు, అక్టోబరులలో బంగాళాఖాతం వార్త వినండి. భీమా, సీనా ఒడ్డున పొలాలున్నవారికి ఉజనీ నుండి వదిలే నీటి ప్రకటన అంతే ముఖ్యం.

ప్రకటనలు మరాఠీలో, ఇంగ్లీషులో వస్తాయి కాబట్టి ఇంట్లో తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దవాళ్లకు వాటిని చదివి చెప్పే పని చదువుకున్న పిల్లలు తీసుకోవాలి. యానాంలో వరద అంకె అర్థం కాని కుటుంబానికీ, షోలాపూర్‌లో మైనస్ శాతం అర్థం కాని కుటుంబానికీ జరిగే నష్టం ఒకటే: సమయం ఉండగా సర్దుకోలేకపోవడం.